మొదటికే మోసం వచ్చినప్పుడు

“మొదటికే మోసం వచ్చింది” అని మన పెద్దవాళ్లు ఒక మాట అంటూ ఉంటారు. వడ్డీకి ఆశపడితే అసలే పోయినప్పుడు, లాభం మాట దేవుడెరుగు, పెట్టుబడే మునిగిపోయినప్పుడు అనే మాట ఇది. బ్యాంకు ఉద్యోగిని కనుక కౌంటరుకు అవతలి నుంచి ఈ మాట చాలాసార్లే విన్నాను. అయితే అక్షరాలా ‘మొదటికే’ మోసం వచ్చే చోటు ఒకటి చాలామంది ఇళ్లలో ఉంది. పాత కంప్యూటరు లోపల హార్డ్ డిస్కు ఉంటుంది కదా, అందులో మొట్టమొదటి గది అది. దాన్ని మాస్టర్ బూట్ రికార్డు అంటారు. అది చెడితే కంప్యూటరు లేవదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. అప్పుడు ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. పిల్లల బారసాల ఫోటోలు, పెళ్లి వీడియోలు, కాలం చేసిన పెద్దల గొంతులు అన్నీ పోయినట్టే అనుకుంటారు.

చాలా సందర్భాల్లో అవేవీ పోవు. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందుగా నా సంగతి. నేను ఇంజనీరును కాను, బి.కాం. పట్టభద్రుణ్ణి. బరంపురంలో పుట్టి, ఇక్కడే చదివి, 1990లో బ్యాంకులో గుమాస్తాగా చేరి, మెల్లగా ఆఫీసరునయ్యాను. ఛత్రపురం, అస్కా, భంజనగర్ అంటూ గంజాం జిల్లా అంతా బదిలీల మీద తిరిగాను. ఇప్పుడు రిటైర్మెంటు దగ్గర పడింది. డెబిట్టూ క్రెడిట్టూ తప్ప మరో విద్య చదవని నాకు ఈ బూట్ రికార్డు గొడవ ఎలా అబ్బిందో, దానివల్ల మా వీధిలో ఒక పెద్దావిడకు ఏం మేలు జరిగిందో చెబుతాను, వినండి.

ఇండెక్సు చిరిగిన లెడ్జరు

మన బ్యాంకుల్లోకి కంప్యూటర్లు ఒక్కసారిగా రాలేదు. రిజర్వు బ్యాంకు నియమించిన సి. రంగరాజన్ కమిటీలు 1984లో ఒకసారి, 1989లో మరోసారి నివేదికలు ఇచ్చాయి. ఆ దరిమిలా లెడ్జరు పోస్టింగు యంత్రాలు ఒక్కొక్క బ్రాంచిలోనే అడుగుపెట్టాయి. అంతకు ముందు అన్నీ మోత పుస్తకాలే. ఒక్కో లెడ్జరు బియ్యం బస్తాలా ఉండేది. అట్ట తెరిస్తే లోపల ముందుగా ఇండెక్సు ఉండేది. ఫలానా వారి ఖాతా ఫలానా ఫోలియోలో ఉందని అందులో రాసి ఉండేది. ఆ ఇండెక్సు చూసి, ఆ పేజీ తిప్పి, నిలవ చూసి చెక్కు పాస్ చేసేవాళ్లం.

ఆ ఇండెక్సు పేజీ చిరిగిపోయిందనుకోండి. ఖాతాదారు సొమ్ము పోయినట్టా? ఎంతమాత్రం కాదు. లోపలి పేజీలన్నీ భద్రంగానే ఉన్నాయి. ఎక్కడ ఏముందో చెప్పే కాగితం మాత్రమే పోయింది. ఓపికగా ఒక్కొక్క పేజీ తిప్పి చూస్తే మళ్లీ కొత్త ఇండెక్సు రాసుకోవచ్చు. కానీ ఎవరో తొందరపడి ఇండెక్సు లేదు కనుక ఇది ఖాళీ పుస్తకమే అనుకుని, మొదటి పేజీ నుంచి కొత్త ఖాతాలు రాయడం మొదలుపెట్టారనుకోండి, అప్పుడు మాత్రం నిజంగానే కొంప మునుగుతుంది. హార్డ్ డిస్కు సంగతి కూడా సరిగ్గా ఇదే. మా తరం బ్యాంకువాళ్లకు ఇది అర్థం కావడానికి అయిదు నిమిషాలు పట్టదు.

ఇక ఆ మొదటి గదిలో ఏముంటుందో చూద్దాం. డిస్కు మొత్తాన్ని 512 బైట్ల చొప్పున చిన్న చిన్న గదులుగా విడదీస్తారు. వీటిని సెక్టార్లు అంటారు. బైటు అంటే ఒక ఇంగ్లీషు అక్షరం పట్టే చోటు అనుకోండి. మొదటి సెక్టారులోని 512 బైట్లలో 446 బైట్లు ఒక చిన్న ప్రోగ్రాముకు కేటాయిస్తారు. ఆ తరవాతి 64 బైట్లలో పార్టిషన్ టేబుల్ ఉంటుంది. ఇది అన్నదమ్ముల పంపకాల దస్తావేజు లాంటిది. డిస్కును ఎన్ని వాటాలు చేశారు, ఏ వాటా ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడుగు ఉంటుంది అన్నది ఇందులో రాసి ఉంటుంది. ఒక్కో వాటాకు 16 బైట్లు, మొత్తం నాలుగు వాటాలకే చోటు. చిట్టచివరి రెండు బైట్లూ సంతకం. కంప్యూటరు భాషలో 55, ఏఏ అనే గుర్తులు అక్కడ ఉండి తీరాలి. సంతకం లేని చెక్కును మా కౌంటరులో ఎలా తిప్పి పంపుతామో, ఆ గుర్తులు లేని గదిని కంప్యూటరు అలాగే తిప్పి పంపుతుంది. 446, 64, 2 కలిపితే 512. లెక్క సరిపోయింది కదా!

స్విచ్చి వేయగానే కంప్యూటరులోని బయోస్ అనే కావలివాడు ముందుగా ఈ గది తలుపు తీస్తాడు. సంతకం చూసుకుని లోపలి చిన్న ప్రోగ్రాముకు పని అప్పగిస్తాడు. ఆ ప్రోగ్రాము దస్తావేజు చూసి, నాలుగు వాటాల్లో దేనిమీద ‘ఇక్కడి నుంచి మొదలుపెట్టు’ అనే గుర్తు ఉందో ఆ వాటా గుమ్మం దగ్గరికి వెళుతుంది. అక్కడి నుంచి విండోస్ నిద్ర లేస్తుంది. ఇదంతా రెప్పపాటు పని. దస్తావేజులో రాత తప్పుగా కనిపిస్తే ‘ఇన్‌వాలిడ్ పార్టిషన్ టేబుల్’ అని, వాటా గుమ్మంలో ఉండవలసింది లేకపోతే ‘మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టం’ అని ఆ ప్రోగ్రామే తెర మీద రాస్తుంది. అంటే, ఆ మాటలు కనిపించాయంటే మొదటి గదిలో కొంతైనా ప్రాణం ఉన్నట్టే లెక్క.

జోషీ పుట్టినరోజు

ఈ మొదటి గదికి తొలి శత్రువులు వైరస్‌లు. 1986లో మన పొరుగున లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు తయారుచేసిన ‘బ్రెయిన్’ ఫ్లాపీల మొదటి గదిలో దూరింది. 1987లో న్యూజిలాండులో పుట్టిన ‘స్టోన్డ్’ హార్డ్ డిస్కు మొదటి గదినే ఆక్రమించుకుని, అసలు రికార్డును ఏడో గదిలోకి నెట్టేసేది. అద్దెకు దిగినవాడు ఇంటాయన్ని పెరట్లోకి పంపినట్టన్నమాట.

మన దేశం కూడా ఈ విషయంలో వెనకబడలేదు సుమండీ! 1990లో మన దేశంలోనే బయటపడిన వైరస్ పేరు ‘జోషీ’. అది ఏడాదంతా కిమ్మనకుండా ఉండి, జనవరి 5వ తేదీన మాత్రం నోరు విప్పేది. తనకు ‘హ్యాపీ బర్త్‌డే జోషీ’ అని టైపు చేసి శుభాకాంక్షలు చెబితే గాని కంప్యూటరును కదలనిచ్చేది కాదు. నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో మా బ్రాంచిలో కూడా ఒక జనవరి 5న ఈ ముచ్చట జరిగింది. కౌంటరు ముందు జనం బారులు తీరి ఉన్నారు. మా మేనేజరు గారు కళ్లజోడు సవరించుకుని తెర చదివి, “మన స్టాఫులో జోషీ ఎవరయ్యా?” అని అడిగారు. బ్రాంచిలో పాఢీలు, పాణిగ్రాహీలు, పట్నాయకులు, మన రావులూ ఉన్నారు గాని జోషీ ఒక్కరూ లేరు. చివరికి ఒక కుర్ర క్లర్కు వేళాకోళానికి ఆ మాటలు టైపు చేశాడు. యంత్రం బుద్ధిగా పని మొదలుపెట్టింది. అందరం నవ్వుకున్నాం.

ఆ వారంలోనే విశాఖపట్నం నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చి దాన్ని బాగుచేశాడు. నేను పక్కనే కూర్చుని చూశాను. అతను చేసిన మొదటి పని నన్ను ఆశ్చర్యపరిచింది. శుభ్రమైన ఫ్లాపీతో కంప్యూటరును లేపి, మొదటి గదిని తెర మీదకు తెచ్చి, అందులోని అంకెలను వరసగా కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాడు. “ఇంత ఓపిక ఎందుకు బాబూ?” అన్నాను. “సార్, ఇప్పుడున్న తప్పు కూడా నాకు కావాలి. నేను చేసేది వికటిస్తే మళ్లీ ఈ తప్పు దగ్గరికైనా వెనక్కి రావాలి కదా!” అన్నాడు. బ్యాంకులో ఓచరు లేనిదే పద్దు రాయం. అతనిదీ అదే పద్ధతి. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది.

అతని ఓపికకు మరో కారణం కూడా ఉందని తరవాత తెలిసింది. 1991లో వచ్చిన డాస్ అయిదో వెర్షనులో ‘ఎఫ్‌డిస్క్ స్లాష్ ఎంబీఆర్’ అనే రహస్య ఆజ్ఞ ఒకటి ఉండేది. పుస్తకాల్లో రాయకపోయినా నోటి మాటగా అందరికీ పాకింది. అది మొదటి గదిలోని 446 బైట్ల ప్రోగ్రామును కొత్తగా రాసేది. చాలా వైరస్‌లకు ఇదే చిట్కా వైద్యం. కానీ ‘మంకీ’ అనే వైరస్ ఒకటుండేది. అది దస్తావేజును గుర్తుపట్టలేని విధంగా మార్చి, మూడో గదిలో దాచి, కంప్యూటరు అడిగినప్పుడల్లా తానే తీసి చూపించేది. అలాంటి చోట ఈ చిట్కా ప్రయోగిస్తే దొంగ పోతాడు గాని, దాచిన చోటు తెలిసినవాడు కూడా వాడే కనుక డిస్కు మొత్తం మాయమైనట్టు కనబడేది. ఇంకో చిక్కు కూడా ఉంది. చివరి రెండు బైట్ల సంతకం లేని డిస్కు మీద ఆ ఆజ్ఞ ఇస్తే, అది దస్తావేజును కూడా తుడిచిపెట్టేది. రోగం తెలియకుండా మందు వేయకూడదని మన వైద్యులు ఊరికే అనలేదు.

1999 ఏప్రిల్ 26న వచ్చిన దెబ్బ వీటన్నిటికంటే పెద్దది. తైవానులో చెన్ ఇంగ్-హావ్ అనే విద్యార్థి రాసిన ‘సీఐహెచ్’ వైరస్, 1986లో చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీనాడే పేలింది. మన దేశంతో పాటు ఆసియాలో ఎన్నో దేశాల్లో కంప్యూటర్లు ఆ ఉదయం లేవలేదు. అది డిస్కు మొదటి పది లక్షల పైచిలుకు బైట్లను సున్నాలతో నింపేసింది. బూట్ రికార్డు, దస్తావేజు, మొదటి వాటా మొదలు అన్నీ అందులో కొట్టుకుపోయాయి. అయినా కాస్త పెద్ద డిస్కులు చాలావరకు బతికాయి. ఎందుకంటే ఆ కాలపు విండోస్ తన ఫైళ్ల పట్టికను రెండు నకళ్లుగా రాసుకునేది. మొదటి నకలు పోయినా, రెండోది సున్నాలు చేరని దూరంలో ఉండిపోయింది. రెండో నకలు ఉన్నవాడు బతికాడన్న ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని అవసరం వస్తుంది.

తుపాను తరవాత

మా గంజాం తీరానికి వైరస్‌ల కంటే పాత శత్రువు తుపాను. 1999 అక్టోబరు 17, 18 తేదీల్లో గోపాల్‌పూర్ దగ్గర ఒక తుపాను తీరం దాటి మా బరంపురాన్ని చిందరవందర చేసింది. రెండు వారాలు తిరక్కుండా, 29వ తేదీన ఉత్తరాన పారాదీప్ వైపు మహా తుపాను వచ్చి వేలాది ప్రాణాలు తీసింది. మళ్లీ 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. దసరా నవరాత్రులు అవి. సుమారు పది లక్షల మందిని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించడం వల్ల ప్రాణనష్టం బాగా తగ్గింది. చెట్లు, స్తంభాలు మాత్రం నేలకొరిగాయి. మా వీధికి కరెంటు రావడానికి చాలా రోజులే పట్టింది. వచ్చినది కూడా కుదురుగా ఉండేది కాదు. వచ్చి పోయి, వచ్చి పోయి, బల్బు ఒకసారి నిప్పు కణికలా, ఒకసారి మిణుగురు పురుగులా వెలిగేది.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక రిటైర్డ్ తెలుగు పంతులమ్మ గారు ఉన్నారు. మా అమ్మకు స్నేహితురాలు కావడంతో నేను పిన్నిగారూ అంటాను. కరెంటు వచ్చిన రెండోనాడు ఆవిడ కంప్యూటరు పెట్టిన కాసేపటికే లైను పోయింది. మళ్లీ వచ్చాక తెర మీద ‘ఇన్‌వాలిడ్ పార్టిషన్ టేబుల్’ అని పడింది. పక్కవీధి రిపేరు కుర్రాడు చూసి, “ఆజ్ఞా, ఏథిరె కిచ్ఛి నాహిఁ. ఫార్మాట్ కరిదెబి” అన్నాడట. అమ్మా, ఇందులో ఏమీ లేదు, ఫార్మాట్ చేసేస్తాను అని దాని అర్థం. ఆవిడ ఆ పూటకు వద్దని చెప్పి, నా దగ్గరికి మనిషిని పంపారు.

నేను వెళ్లేసరికి ఆవిడ ఆ కంప్యూటరు ముందే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు.

“బాబూ, మిషను పోతే పోనీ. కొత్తది కొనుక్కుంటాను. అందులో మా అత్తగారున్నారు” అన్నారు.

ఏమిటా అంటే, ఆవిడ అత్తగారు పాటల పుట్ట. లాలిపాటలు, మంగళహారతులు, గొబ్బిపాటలు, అప్పగింతల పాటలు అన్నీ నోటికే వచ్చేవి. పిన్నిగారి భర్త 1980ల్లో టేప్ రికార్డరు ముందు తల్లిని కూర్చోబెట్టి క్యాసెట్లు నింపారు. 2006లో ఈ కంప్యూటరు కొన్నప్పుడు ఆ క్యాసెట్లను ఓపికగా ఇందులోకి ఎక్కించారు, మొత్తం 41 పాటలు. తరవాత క్యాసెట్లు బూజు పట్టి పాడైపోయాయి. అత్తగారూ లేరు, ఆయనా లేరు. ఇక మిగిలింది ఆ డిస్కు ఒక్కటే.

ఆ పాటల విలువ బయటి తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా మా బరంపురం మద్రాసు రాజధానిలో ఉండేది. మన మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారు 1894లో ఇక్కడే పుట్టారు. ఆనాడు పటం మీద గీత జరిగింది. ఇళ్లు జరగలేదు, ఇళ్లలో మాట్లాడే మాట జరగలేదు. కాకపోతే తరాలు గడిచేకొద్దీ పిల్లలు ఒడియా, ఇంగ్లీషు బడుల్లో చదువుకున్నారు. మా ఇళ్లలో తెలుగు చదవలేని పిల్లలున్నారు గాని, వింటే అర్థం కాని పిల్లలు తక్కువ. అలాంటి ఇంట్లో నాయనమ్మ గొంతు ఒక పుస్తకం కంటే ఎక్కువ పనిచేస్తుంది. పిన్నిగారి మనవరాలు రూర్కెలాలో ఉంటుంది. తెలుగు అక్షరం రాదు. కానీ ముత్తవ్వ లాలిపాట మాత్రం పూర్తిగా పాడుతుంది.

నేను చేసినది చెబుతాను. అందులో గొప్ప విద్యేమీ లేదు. ముందుగా కంప్యూటరు ఆపేసి ప్లగ్గు తీసేశాను. డిస్కు విప్పి మా ఇంటికి తెచ్చి నా కంప్యూటరుకు రెండో డిస్కుగా తగిలించాను. టిక్కు టిక్కుమని కొట్టుకునే చప్పుడు లేదు. బయోస్ దాని పేరూ పరిమాణమూ సరిగా చదివింది. 80 జీబీ డిస్కు, గదుల సంఖ్య 15,63,01,488. అంటే యంత్రభాగం బాగానే ఉంది, రాతలోనే తేడా. చప్పుడు చేస్తూ ఉంటే నేను దాన్ని ముట్టుకోకుండా నిపుణుల దగ్గరికే పంపేవాణ్ణి.

రెండో పనిగా ఒక కొత్త డిస్కు కొని, పాతదాన్ని మొదటి గది నుంచి చివరి గది దాకా ఉన్నదున్నట్టు దాని మీదకు నకలు తీశాను. అక్కడక్కడ చదవడానికి మొరాయించిన గదులుండడంతో మూడు గంటలకు పైనే పట్టింది. నకలు పూర్తయ్యాక పాత డిస్కును కాగితంలో చుట్టి బీరువాలో పెట్టాను. చేసిన వైద్యమంతా నకలు మీదే.

మూడో పని వెతుకులాట. టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాము ఒకటుంది. ఫ్రాన్సుకు చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. అది ఇండెక్సు లేని లెడ్జరులో పేజీలు తిప్పే గుమాస్తా లాంటిది. మొదటి గదిలో ప్రోగ్రామూ సంతకమూ బాగానే ఉన్నాయి. మధ్యలో దస్తావేజు 64 బైట్లలో మాత్రం పిచ్చి అంకెలున్నాయి. ఇక్కడ మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ప్రతి వాటాకూ దాని గుమ్మంలో సొంత చిరునామా పలక ఉంటుంది. దానికి మరో నకలు కూడా ఉంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో అది వాటా చిట్టచివరి గదిలో, ఫ్యాట్32 పద్ధతిలో వాటా మొదట్లోనే కొన్ని గదుల అవతల ఉంటుంది. దస్తావేజు పోయినా పొలం గట్ల మీద సర్వే రాళ్లు మిగిలినట్టు, ఈ పలకలు చూసి హద్దులు తేల్చవచ్చు.

టెస్ట్‌డిస్క్ అలాగే రెండు వాటాలు కనిపెట్టింది. మొదటిది 63వ గది దగ్గర మొదలైంది. విండోస్ ఎక్స్‌పీ కాలం డిస్కుల్లో అదే మామూలు చోటు. ఇక్కడ నా బ్యాంకు బుద్ధి అడ్డుపడింది. ట్రయల్ బ్యాలెన్సు చూడనిదే సంతకం పెట్టే అలవాటు మాకు లేదు. మొదటి వాటా ముగిశాకే రెండోది మొదలైందా? ఒకదాని మీద ఇంకోటి ఎక్కిందా? రెండూ కలిపి డిస్కు మొత్తాన్ని మించిపోయాయా? కాగితం మీద కూడిక వేసి చూశాను. చివర కొద్ది చిల్లర ఖాళీ తప్ప లెక్క సరిపోయింది. అప్పటికీ రాయమని చెప్పలేదు. రాయకముందే లోపలి ఫైళ్ల పేర్లు చూపించే వీలు ఆ ప్రోగ్రాములో ఉంది. చూశాను. రెండో వాటాలో ‘అమ్మ పాటలు’ అనే ఫోల్డరు కనబడింది. అప్పుడు, ఆ 64 బైట్లూ రాయమని ఆజ్ఞ ఇచ్చాను.

మొత్తం 80 జీబీలో కొత్తగా రాసింది ఆ నాలుగు అంకెలే. ఆ నకలు డిస్కును పిన్నిగారి కంప్యూటరులో బిగిస్తే విండోస్ మామూలుగా లేచింది. 41 పాటల్లో 38 పరిశుభ్రంగా ఉన్నాయి. రెండింటిలో మధ్యలో బరబరమనే చప్పుడు వస్తుంది. ఒక్కటి తెరుచుకోలేదు, దాన్ని దాచిన గదులే అరిగిపోయాయి. ఆ సంగతి చెబితే పిన్నిగారు కాస్త ఆలోచించి, “ఏదో అది? గొబ్బిపాటా? అది నాకొచ్చు, నేను పాడతాను, ఎక్కించు” అన్నారు. అన్నట్టుగానే మరునాడు పాడారు. పాటల సంఖ్య మళ్లీ 41 అయింది.

ఇప్పటి సంగతి

కాలం మారింది. 2021లో వచ్చిన విండోస్ 11 నాటికి పాత బయోస్ పోయి యూఈఎఫ్ఐ వచ్చింది, పాత దస్తావేజు స్థానంలో జీపీటీ అనే కొత్త దస్తావేజు వచ్చింది. దీనిలో నాలుగు వాటాల పరిమితి లేదు. అన్నిటికంటే మంచి సంగతి, ఈ దస్తావేజుకు రెండో ప్రతి డిస్కు చిట్టచివర ఉంటుంది. రాతలో తేడా వస్తే పట్టుకునే లెక్క కూడా అందులోనే ఉంటుంది. సీఐహెచ్ లాంటి దెబ్బల తరవాత ఇంజనీర్లు నేర్చుకున్న పాఠం అనుకోవచ్చు. అయినా గండాలు తీరిపోలేదు. 2017 జూన్ 27న విరుచుకుపడిన ‘నాట్‌పెట్యా’ బూట్ రికార్డును చెరిపి, లోపలి ఫైళ్ల పట్టికకు తాళం వేసింది. ముంబయి దగ్గరి రేవులో ఒక టెర్మినల్ కూడా స్తంభించిపోయింది. తాళంచెవి దాన్ని వదిలినవాళ్ల దగ్గర కూడా లేదు. వేరే చోట నకలున్నవాళ్లే అప్పుడూ గట్టెక్కారు.

మన పత్రిక చదివే ఇళ్ల కోసం నాకు తెలిసిన జాగ్రత్తలు ఇవి.

1. కంప్యూటరు లేవకపోతే వెంటనే ఆపేయండి. పదేపదే స్విచ్చి వేయకండి. తెర మీద పడిన మాటను ఫోనులో ఫోటో తీసుకోండి.

2. లోపల టిక్కు టిక్కుమనే చప్పుడు ఉంటే ఇంట్లో వైద్యం వద్దు. డేటా తిరిగి తీసే నిపుణులకే ఇవ్వండి.

3. రిపేరుకు ఇచ్చేటప్పుడు ‘ఫార్మాట్ చేయవద్దు, విండోస్ కొత్తగా ఎక్కించవద్దు’ అని కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ కుర్రాళ్లు చెడ్డవాళ్లు కారు. యంత్రం నడవాలన్నదే వాళ్ల లక్ష్యం. అందులో ఏముందో వాళ్లకు తెలియదు, మనం చెప్పాలి.

4. ‘బూట్‌రెక్ స్లాష్ ఫిక్స్‌ఎంబీఆర్’ అనే ఆజ్ఞ ఇవ్వమని ఎవరైనా చెబితే ఒక్క క్షణం ఆగండి. అది చిన్న ప్రోగ్రామును బాగుచేస్తుంది గాని, పోయిన దస్తావేజును తిరిగి రాయదు. ముందు నకలు, తరవాతే మందు.

5. కొత్త ఎస్ఎస్‌డీల్లో చెరిపేసినది తిరిగి దొరకడం చాలా కష్టం. పాత డిస్కుల మీది ధీమా వాటి మీద పెట్టుకోకండి.

6. ముఖ్యమైనవి మూడు చోట్ల ఉంచండి. ఇంట్లో ఒకటి, విడిగా పెట్టిన డిస్కులో ఒకటి, మరో ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఒకటి. తుపాను ఒక ఊరిని తాకితే ఆ ఊళ్లోని రెండు నకళ్లూ ఒకేసారి తడుస్తాయి.

ఈ ఆరో సంగతికి ఒక తేదీ కూడా పెట్టుకుంటే మంచిది. 1999లో గోపాల్‌పూర్ తుపాను, 2013లో ఫైలిన్, 2014లో విశాఖ మీద హుద్‌హుద్, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ అన్నీ అక్టోబరులో వచ్చినవే. ఆయుధపూజనాడు మన ఇళ్లలో కంప్యూటరుకు కూడా పసుపు, కుంకుమ పెడతాం. అంతకు పదిహేను రోజుల ముందు, మహాలయ పక్షంలో పెద్దల్ని తలుచుకునే రోజుల్లో, వాళ్ల ఫోటోలకూ పాటలకూ ఒక నకలు తీసి పెట్టండి.

పిన్నిగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. ఏటా ఆ రోజుల్లో మా ఇంటికి కబురు పంపుతారు. నేను వెళ్లి పాటలన్నీ ఒక పెన్ డ్రైవులోకి ఎక్కించి, ఒక్కొక్కటీ పెట్టి వినిపిస్తాను. ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని వింటారు. నలభై ఒకటీ అయ్యాక, పెన్ డ్రైవు మీద ఆ ఏడాది అంకె రాసి, రూర్కెలా పంపడానికి కవరులో పెడతారు.